పొయ్యికో వాటా

మా వీధిలో ఇల్లంటే గోడలూ కప్పూ కాదు, పొయ్యి. ఒకే కప్పు కింద అన్నదమ్ములిద్దరూ వేరువేరుగా వండుకుంటే అవి రెండిళ్ళు. పదిమంది ఉన్నా ఒక్కచోట వండుకుంటే అది ఒక్క ఇల్లే. పెళ్ళి పిలుపుకి వచ్చినవాళ్ళు పొయ్యికో శుభలేఖ ఇచ్చి పోతారు. గంగమ్మ తల్లి సంబరానికి చందా కూడా పొయ్యి లెక్కనే. సంబరం మర్నాడు మగాళ్ళంతా కలిసి గోదాట్లో ఉమ్మడి వల వేస్తారు. ఆ రోజు పడిన చేపని అమ్మరు. ధవళేశ్వరం రేవులో కుప్పలు పోసి, కులపెద్ద ఒక్కొక్క ఇంటివాళ్ళనీ పేరు పెట్టి పిలుస్తుంటే, పొయ్యికో వాటా పంచుతారు. పిలిచినవాళ్ళు గిన్నె పట్టుకుని ముందుకెళ్తారు.

నన్ను ఎప్పుడూ పిలవలేదు. నాకు పొయ్యి లేదు కదా! అంటే, ఉందనుకోండి. ఉండీ లేదు. ఆ సంగతే చెప్పాలని కూర్చున్నాను.

నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్ళు ఈమధ్య తగ్గారు. యాభై దాటాక జనం ఆ ప్రశ్న వదిలేస్తారు, అదొక సుఖం. చిరిగిన వలలు బాగుచేస్తాను, ఆ పని లేనప్పుడు జాకెట్లు కుడతాను. అమ్మానాన్నా పోయాక తమ్ముడి ఇంటి వెనక వసారాలో ఉంటున్నాను. తమ్ముడు పడవ మీద వేటకెళ్తాడు, మాట తక్కువ మనిషి. వాడి వంతు మాటలు కూడా మా మరదలే మాట్లాడుతుంది. వాళ్ళకి ఒక్కడే కొడుకు.

ఆ మేనల్లుడికి పెళ్ళయి కోడలు వచ్చాక, ఒక్క వంటింట్లో ముగ్గురు ఆడవాళ్ళం ఒకరినొకరు రాసుకుంటూ తిరగాల్సి వచ్చింది. ఒకరోజు నేనే వసారా మూల మట్టితో ఒక పొయ్యి వేసుకున్నాను. వరదకి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు గోదాట్లో కొట్టుకొచ్చే దుంగలు మా వీధివాళ్ళంతా పట్టి ఎండబెట్టుకుంటారు. నా వంటచెరకు అదే. మరదలు మొదటిరోజు ఏడ్చింది. "మేం ఏమన్నామని వదినా?" అంది. ఏమీ అనలేదు, ఇరుకు, అంతే. తర్వాత అలవాటైపోయింది. నా పప్పు అటూ, దాని పులుసు ఇటూ గిన్నెలు తిరుగుతూనే ఉండేవి. కానీ ఈ వేరుపొయ్యి సంగతి వీధిలో ఎవరికీ తెలీదు. వెనక వసారా కదా, పొగ కూడా ఏటివైపు పోతుంది. బయటివాళ్ళ లెక్కలో మేమంతా ఒక్క ఇల్లు, రేషన్ కార్డు కూడా ఒక్కటే.

ఇలా ఉండగా మేనల్లుడికి కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చింది. వీధంతా కాజాలు పంచాం. నేనైతే ఆనందం పట్టలేక వాడి కొత్త చొక్కా మీద ఏడ్చి మరకలు చేశాను. ఆ కాజా ఇంకా నోట్లో ఉండగానే రేషన్ బండి దగ్గర ఎవరో అన్నారు: "ఇంట్లో సర్కారు ఉద్యోగి ఉంటే ఇక కార్డు ఉండదండి. బియ్యం, పింఛను, ఆస్పత్రి కార్డు, అన్నీ పోతాయి."

తమ్ముడికి ఏం పోయింది? కొడుకు జీతం వస్తుంది. మరి నాకో? అప్పటికి ఒంటరి మహిళ పింఛనుకి అడగాలని నేను రెండేళ్ళుగా అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఓర్నాయనో, ఇక అడగడానికే ఉండదన్నమాట! మర్నాడు పొద్దున్నే తల దువ్వుకుని సచివాలయానికి పరుగెత్తాను.

సచివాలయం అంటే ఏదో అనుకునేరు. పాత పంచాయతీ ఆఫీసుకి రంగు వేసిన గది. అందులో సంక్షేమం పనులు చూసే అమ్మాయి ఉంది. మా మేనల్లుడి వయసే ఉంటుంది. నా ఆధార్ నంబరు కొట్టి కంప్యూటరు నావైపు తిప్పింది. మా అమ్మ పోయిన సంగతి అందులో ఉంది. మా ఇంటి కరెంటు మీటరు అందులో ఉంది. తమ్ముడి పడవ ఉంది. నేను పుట్టిన సంవత్సరం ఉంది. పక్కవీధివాళ్ళకి కూడా గుర్తుండని మనిషిని, నేనెవరో విజయవాడలోనో ఢిల్లీలోనో ఎక్కడో ఒక పెద్ద యంత్రం గుర్తు పెట్టుకుని కూర్చుందా! భయం వేసింది. భయం కన్నా ఎక్కువగా, ఎందుకో, గౌరవంగా అనిపించింది. లేచి దండం పెట్టబోయి ఆగాను.

"ఆంటీ, ఇక్కడ చూడండి," అంది ఆ అమ్మాయి. "మీరు మీ తమ్ముడుగారి కుటుంబంలో మెంబరుగా ఉన్నారు. ఆ కుటుంబంలో గవర్నమెంట్ ఎంప్లాయీ వచ్చేశారు. బాబు మొదటి జీతం ఆన్‌లైన్‌లో ఎక్కగానే కార్డు కట్ అయిపోద్దండి. మీరు కూడా అందులో పోతారు."

"నేనెక్కడికి పోతానమ్మా? ఇక్కడే ఉంటాను కదా!"

ఆ పిల్ల నవ్వింది. తర్వాత ఓపిగ్గా చెప్పింది. అన్నిటికీ బియ్యం కార్డే తలుపట. ఆ తలుపు తెరిస్తేనే పింఛను, ఆస్పత్రి, ఏదైనా. ఇక ఒంటరివాళ్ళలో రకాలున్నాయట. మొగుడు పోయినవాళ్ళు ఒక రకం, మొగుడు వదిలేసినవాళ్ళు ఒక రకం, విడాకులు తీసుకున్నవాళ్ళు ఒక రకం, అసలు పెళ్ళే కానివాళ్ళు ఒక రకం. ఒక్కో రకానికి ఒక్కో వయసు, ఒక్కో రుజువు. ఒంటరిగా ఉండటంలో ఇన్ని రకాలున్నాయని ఇన్నేళ్ళు ఒంటరిగా ఉన్న నాకే తెలీదు. ఎవరో పెద్ద ఆఫీసర్లు కూర్చుని, పెళ్ళికాని ఒక ముసలావిడ ఉంటుందని, ఆవిడ కూడా తినాలని, ఆలోచించి ఒక రూలు రాశారన్నమాట. మా చుట్టాల్లో ఎవరికీ తట్టలేదు ఆ ఆలోచన.

"పెళ్ళి కాకుండా యాభై దాటినవాళ్ళకి సింగిల్ కార్డు ఇస్తారండి," అంది అమ్మాయి. "మీ ఒక్కరే ఒక కుటుంబం. కానీ మీరు విడిగా వండుకు తింటున్నారని సార్ ఇంటికొచ్చి చూసి రాయాలి. వేరుపొయ్యి ఉందా ఆంటీ?"

"ఎందుకు లేదు? బంగారంలాంటి పొయ్యి ఉంది!" అన్నాను. మీ ఒక్కరే ఒక కుటుంబం అన్న మాట ఇంటికొచ్చేదాకా చెవిలో మోగుతూనే ఉంది. దారిలో ఎదురైన కుక్కని చూసి కూడా నవ్వానంటే చూడండి.

ఇక్కడే మా మరదలు చేసిన ఘనకార్యం చెప్పాలి.

ఆఫీసునుంచి సార్ వస్తున్నాడని తెలియగానే అది ఇల్లంతా అలికినంత పని చేసింది. నేను పక్కింట్లో వల అప్పజెప్పి వచ్చేసరికి వసారాలో నా పొయ్యి కనపడలేదు! దాని మీద పెద్ద చేపలగంప బోర్లించి, పైన దుప్పటి పరిచి, దుప్పటి మీద పూలకుండీ పెట్టింది. ఇదేంటే అని అడిగేలోపు సార్ ముందుగదిలో కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. వీధి ఆడవాళ్ళు గుమ్మం దగ్గర చేరారు.

"ఈవిడ మీ ఆడపడుచు కదండి? విడిగా వండుకుంటారా?" అని అడిగాడు సార్.

"అయ్యో, అదేం మాటండి!" అని బుగ్గన వేలేసుకుంది మరదలు. "ఆడపడుచుకి వేరుపొయ్యి పెట్టించే ఇల్లు కాదండి మాది. మా వదిన మాతోనే తింటారండి. ఆవిడ తిన్నాకే మేం తింటామండి. కావాలంటే వీధిలో అడగండి."

గుమ్మంలో ఉన్న ఆడవాళ్ళంతా అవునవునని తలలూపారు. మా మరదలి మొహం వెలిగిపోతోంది. నేనో? నాకు కోపం వచ్చింది, కానీ ఎలా అనను? పదిమందిలో 'నేను వేరే వండుకుంటున్నాను' అంటే, తమ్ముడి ఇల్లు నన్ను వెళ్ళగొట్టిందని అర్థం. మా వైపు ఎవరూ ఆ మాట పరాయివాడి ముందు అనరు. సార్ ఫోనులో ఏదో నొక్కి, కాఫీ చాలా బాగుందమ్మా అని చెప్పి వెళ్ళిపోయాడు.

తర్వాత సచివాలయం అమ్మాయి తల పట్టుకుంది. "ఆంటీ, మీవాళ్ళు అలా చెప్తే సార్ ఇంకేం రాస్తారండి? కలిసే ఉన్నారని రాసేశారు. రిజెక్ట్ అయిపోయింది."

ఇంటికొచ్చి మరదల్ని నిలబెట్టి దులిపాను. "దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని, గవర్నమెంటు ఇస్తానంటే నువ్వు అడ్డమేంటే? నా పొయ్యి మీద పూలకుండీ పెడతావా? పొయ్యి ఏమన్నా సమాధా?"

అది కూడా ఊరుకోలేదు. "మరేం చెప్పమంటావు వదినా? ఇంటిగుట్టు లంకకు చేటు. కొడుక్కి ఉద్యోగం వచ్చిందో లేదో ఆడపడుచుని వేరు పెట్టిందంటారు నన్ను. రేపట్నుంచి నేను రేవులో ఎలా తలెత్తుకుని తిరగాలి? అయినా నీకేం లోటు చేశాం? వాడి జీతం వస్తే నీకింత ముద్ద పెట్టలేమా?"

తమ్ముడు వల మడత పెడుతూ మెల్లగా అన్నాడు: "నిజమే కదక్కా. మాతోపాటే తిను."

వాళ్ళు పెట్టరని నా భయం కాదు. పెడతారు. కన్ను మూసేదాకా పెడతారు. అదే నా భయం. ఆ ముద్ద ముందు కూర్చుని, కూరలో ఉప్పు తగ్గిందని కూడా అనలేను. పండక్కి ఏం వండాలో నేను చెప్పలేను. ఎవరైనా వస్తే కాఫీ తాగి వెళ్ళండి అని పిలవలేను, అది నా ఇల్లు కాదు కనక. ఇన్నేళ్ళూ నేను ఎవరో ఒకరి ఇంట్లో మనిషిని. మొదట నాన్న ఇంట్లో, తర్వాత తమ్ముడి ఇంట్లో. ఇదంతా ఆ రోజు గట్టిగానే అనేశాను. అంటూ ఏడ్చాను కూడా, దాచడం ఎందుకు! తమ్ముడు తల దించుకున్నాడు. మరదలు లోపలికెళ్ళిపోయింది.

ఆ సచివాలయం పిల్ల మాత్రం నన్ను వదల్లేదు. తనే ఫోను చేసింది. "ఇంకొక్కసారి ఎంక్వైరీ వేయించానండి. బాబు జీతం ఎక్కకముందే వస్తారు. ఇదే ఆఖరు ఆంటీ, ఈసారి ఉన్నదున్నట్టు చెప్పండి, ప్లీజ్." కన్నకూతురు కాదు, మా వీధి పిల్ల కాదు. నా కోసం ప్లీజ్ అనాల్సిన అవసరం దానికేంటి?

సార్ వచ్చే రోజు తమ్ముడు ఇంట్లో ఉండి చెప్తానన్నాడు. తీరా పొద్దున్న చూస్తే పడవ లేదు, వాడూ లేడు. ఆ మాట బయటికి అనలేక ఏట్లోకి పారిపోయాడు పాపం. నేను వసారాలో కూర్చున్నాను. వంట అయ్యాక మరదలు రోజూ బోర్లిస్తున్న గంప పొయ్యి మీదే ఉంది. తీద్దామని చెయ్యి చాచి, మళ్ళీ ఆగిపోయాను. నా అంతట నేను తీస్తే, మరదల్ని వీధిలో దొంగని చేసినట్టవుతుంది. తీయకపోతే నా బతుకు ఆ గంప కిందే ఉండిపోతుంది.

సార్ వచ్చాడు. వెనకే వీధి వచ్చింది. ఈసారి మరదలు కాఫీ పెట్టలేదు, కుర్చీ వేయలేదు. చీరచెంగు బొడ్లో దోపుకుని, "ఇటు రండి సార్," అని ఇంటిమధ్యలోంచి అందరినీ వెనక వసారాలోకి నడిపించుకొచ్చింది. పూలకుండీ తీసి నేలమీద పెట్టింది. దుప్పటి లాగింది. రెండు చేతులా గంప ఎత్తింది. నల్లగా మసిపట్టిన నా పొయ్యి, పక్కన చీల్చిన దుంగలు, నా రెండు గిన్నెలు అందరి ఎదుటా బయటపడ్డాయి.

"ఇది మా వదిన పొయ్యి," అంది మరదలు. గట్టిగానే అంది, వీధి చివరికి వినపడేలా. "మా పొయ్యి వేరు, ఈవిడ పొయ్యి వేరు. ఆరోజు నేను చెప్పింది అబద్ధం సార్. పరువు కోసం చెప్పాను."

"హవ్వ!" అంది వెనకనుంచి ఎవరో. "ఆడపడుచుని వేరు పెట్టావటే?"

మరదలు గిరుక్కున తిరిగింది. "పెట్టింది నేను కాదు. ఆవిడే పెట్టుకుంది. తన సంపాదన, తన వంట. ఒకళ్ళ మీద వాలి తినే మనిషి కాదు మా వదిన. అందులో సిగ్గుపడేదేముందమ్మా? మీలో ఎంతమంది ఒంటిచేత్తో ఇల్లు నడిపారు, చెప్పండి చూద్దాం!"

నేను దాని మొహంలోకి చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్ళు ఒక ఇంట్లో ఉన్నాం. కూర గిన్నెలు మార్చుకున్నాం, తిట్టుకున్నాం, జ్వరాలకి ఒకరికొకరం కషాయాలు పెట్టుకున్నాం. ఈ మనిషిలో ఇంత ధైర్యం ఉందని నేనెప్పుడూ ఎరగను. పరువంటే ప్రాణం పెట్టే మనిషి, ఆ పరువునే తీసి నా పొయ్యి పక్కన పెట్టేసింది. సార్ ఫొటో తీసుకున్నాడు. నన్నూ పొయ్యినీ కలిపి తీశాడు. వెళ్ళేటప్పుడు నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు.

కార్డు వచ్చిన రోజు ఆ సచివాలయం అమ్మాయే చేతిలో పెట్టింది. దాని మీద నా ఫొటో ఉంది. కుటుంబ పెద్ద అన్నచోట నా పేరు. కుటుంబ సభ్యులు అన్నచోట కూడా నా పేరు ఒక్కటే. మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. ఇంత పెద్ద దేశం, ఇన్ని కోట్ల జనం, అందులో నా ఒక్కదాన్నీ ఒక కుటుంబం అని ఒప్పుకుంది! నవ్వుతారేమో గానీ, ఆ రోజు ఏటిగట్టు మీద నడుస్తుంటే బ్యారేజీ గేట్ల చప్పుడు కూడా నాకు కొత్తగా వినిపించింది. పింఛను సంగతి ఇంకా నడుస్తోంది, కార్డుంది కనక వస్తుందంటోంది ఆ పిల్ల. మొదటి నెల బియ్యం బస్తా నేనే భుజాన వేసుకుని తెచ్చాను. తమ్ముడు మోస్తానని వెంటపడ్డా ఇవ్వలేదు.

తర్వాత గంగమ్మ తల్లి సంబరం వచ్చింది. నా పొయ్యి చందా నేను కట్టాను. మర్నాడు ఉమ్మడి వల వేశారు. రేవులో ఆడవాళ్ళమంతా ఎప్పట్లాగే నిలబడ్డాం. నేను అలవాటు ప్రకారం గిన్నె తెచ్చుకోలేదు. కులపెద్ద ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. తమ్ముడి పేరు పిలిచాడు, మరదలు వెళ్ళి తెచ్చుకుంది. ఆ తర్వాత నా పేరు పిలిచాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరినో అనుకుని. ఎవరో వీపు మీద తట్టి, "వెళ్ళండి, మిమ్మల్నే," అన్నారు. మరదలు తన గిన్నెలోని చేపలు చెంగులోకి ఒంపేసుకుని, ఖాళీ గిన్నె నా చేతిలో పెట్టింది. అందులో ఒక శీలావతి చేప, రెండు బొచ్చె చేపలు పడ్డాయి. ఎండకి పొలుసులు మిలమిలలాడుతున్నాయి. ఈ రేవులో పుట్టి పెరిగాను, ఎన్ని చేపలు చూశానో లెక్కలేదు. అయినా చేప ఇంత అందంగా ఉంటుందని అప్పుడే చూశాను.

మేనల్లుడూ కోడలూ ఆ పూట కోడలి పుట్టింట్లో ఉన్నారు. ఆ మధ్యాహ్నం పులుసు పెట్టి, ముందువైపుకి వెళ్ళి తమ్ముణ్ణీ మరదల్నీ పిలిచాను. "మా ఇంటికి భోజనానికి రండి," అన్నాను. అలా అంటుంటే నాకే వింతగా ఉంది. పదడుగుల దూరానికి తమ్ముడు ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. మరదలు తలనిండా పూలు పెట్టుకొచ్చింది. వసారాలో చాప వేసి, ఆకులు వేసి వడ్డించాను. తమ్ముడు మాట్లాడకుండా మూడుసార్లు పులుసు వేయించుకున్నాడు. మరదలు మాత్రం ఒక ముద్ద తినగానే, "వదినా, ఉప్పు కాస్త తగ్గింది," అంది. నాకు నవ్వాగలేదు. దానికీ ఆగలేదు.

చేతులు కడుక్కుని తమ్ముడు వెళ్ళిపోయాడు. మరదలు గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. కదలదే! ఏదన్నా మర్చిపోయిందేమో అనుకుని చాపవైపు చూశాను.

"ఏంటే?" అన్నాను.

"ఏంటేనా? ఇంటికొచ్చిన ఆడదాన్ని బొట్టు పెట్టకుండా పంపిస్తావా వదినా?"

నిజమే కదా! మా అమ్మ ఇంట్లో అమ్మ పెట్టేది. తమ్ముడి ఇంట్లో మరదలు పెట్టేది. గుమ్మంలో నిలబడి ఒకరికి బొట్టు పెట్టి పంపడం నా బతుకులో ఒక్కసారి కూడా జరగలేదు. గంగమ్మ తల్లి పటం ముందున్న కుంకుమ భరిణె తెచ్చాను. మొన్న కుట్టిన కొత్త జాకెట్టు దాని చేతిలో పెట్టాను. అది తల పైకెత్తి, కళ్ళు మూసుకుని నిలబడింది.

అలవాటు లేని చెయ్యి, బొట్టు కాస్త పక్కకి పోయింది. అది తుడవనివ్వలేదు, అలాగే పెట్టుకుని వెళ్ళింది.